సిలిండర్ గౌను

ఆవిడ అసలు పేరు ఉత్తరాలు తెచ్చేవాడికి తప్ప ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ కుచ్చుల పిన్నే. దిండు గలీబు కుట్టమంటే చుట్టూ కుచ్చులు, కర్టెన్ కుట్టమంటే కింద రెండు వరసల కుచ్చులు. చంటిపిల్లకి గౌను కుట్టమంటే పిల్ల కనబడదు, కుచ్చులే కనబడతాయి. వద్దన్నా పెడుతుంది. "ఊరికే పెట్టాలే, ఉండనీ" అంటుంది. ఊరికే వచ్చేదాన్ని వద్దనేవాళ్ళు ఎక్కడుంటారు?

ఈ పిచ్చికి కారణం ఉంది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆవిడ యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో చేరింది. అక్కడ ఒకరు జేబులు కుడితే ఒకరు చేతులు కుట్టాలి, ఒకరు గుండీలు వెయ్యాలి. ఆవిడకి కాలర్లు పడ్డాయి. ఏడేళ్ళు కాలర్లే కుట్టింది. తను కుట్టిన చొక్కా పూర్తిగా ఎలా ఉంటుందో చూడాలంటే రోడ్డు మీద బడిపిల్లలు పోయేటప్పుడు చూడాల్సిందే. కుట్టు గీత గీసినట్టు రావాలి. ఎక్కడైనా ముడత కనబడితే సూపర్‌వైజరమ్మ బ్లేడుతో పరపరా విప్పేసి మొహాన కొట్టేది. ఏడేళ్ళకి ఆవిడ కుట్టు పీకినా రాని కుట్టయింది. కడుపులో మాత్రం గుడ్డని ఇష్టమొచ్చినట్టు ముడతలు ముడతలుగా కుట్టి పారెయ్యాలనే కోరిక అలాగే ఉండిపోయింది. పెళ్ళయి, కార్ఖానా మానేసి, సొంత మిషను ఇంటికి వచ్చిన రోజున మొట్టమొదట కుట్టింది కుచ్చులే.

ఆ కుచ్చుల్ని తొడిగింది గ్యాస్ సిలిండర్‌కి.

అప్పట్లో కాపురమంతా ఒకటే గది. మంచం, మిషను, స్టవ్వు, గడియారాలు బాగుచేసే మొగుడి బల్ల, అన్నీ అందులోనే. వాటి మధ్య తుప్పుపట్టిన సిలిండర్ పిలవని చుట్టంలా నిలబడి ఉండేది. ఎక్కడ కూర్చున్నా అదే కళ్ళకి తగిలేది. ఒకరోజు మొగుడు ఇంటికొచ్చేసరికి అది గులాబీరంగు శాటిన్‌లో, మూడు వరసల కుచ్చులతో నిలబడి ఉంది.

"ఏంటిది?" అన్నాడాయన.

"గౌను."

"దీనికేమన్నా పెళ్ళా?"

"మీ చుట్టాలకన్నా చూడముచ్చటగా ఉంది కదా, ఊరుకోండి."

తర్వాత ఇల్లు మారారు, గదులు పెరిగాయి, గౌను పాతబడి ఎటో పోయింది. ఆ సంగతి ఆవిడే మర్చిపోయింది. మళ్ళీ ఎన్నో ఏళ్ళకి, అద్దాల కొట్టాయన భార్య కొత్తిల్లు కట్టుకుని, వంటింటి గట్టు కింద సిలిండర్ అసహ్యంగా ఉందని ఏడుస్తుంటే గుర్తొచ్చింది. ఒకటి కుట్టిచ్చింది. అది చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. అద్దాల కొట్టావిడే ఒకరోజు, "ఒళ్ళంతా బట్టలేసి తోక వదిలేసినట్టుంది పిన్నీ" అంది. తోకంటే పైపు. దాంతో పైపుకీ తొడుగు మొదలైంది. పైన శాటిన్, లోపల పల్చటి దూది. జారిపోకుండా పైపుకి చుట్టి అక్కడికక్కడే సూదితో కుట్టేసేది. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో భూతద్దం పెట్టినా దొరికేది కాదు. సిలిండర్ గౌనుకి మెడ దగ్గర దారం లాగి కార్ఖానా ముడి వేసేది. అది లాగేకొద్దీ బిగుసుకుంటుందే తప్ప ఊడదు. "నా ముడి ఊడిందని చెప్పినవాళ్ళు ఇంకా పుట్టలేదు" అని చెప్పుకునేది. నిజమే. సిలిండర్ మార్చేవాళ్ళు తిట్టుకుంటూ గౌనుని పైకి మడిచి పని కానిచ్చేవాళ్ళు.

రెండున్నరేళ్ళలో ముప్పై నాలుగు వంటిళ్ళు. ఏ ఇంట్లో పైపు ఎన్ని అంగుళాలో కొలతల పుస్తకంలో రాసుకుంది.

ముప్పై నాలుగిళ్ళలో ఒకటి తోడికోడలిది. ఈవిడ బావగారి భార్య, రెండు వీధుల అవతల ఉంటుంది. ముప్పై ఏళ్ళు కాలేజీ హాస్టల్లో వంట చేసి మానేసిన మనిషి. మాట పెళుసు. పిన్ని మొదటిసారి గౌను తీసుకెళ్ళి చేతిలో పెడితే, "పొయ్యి దగ్గర పట్టుపరుపులేంటమ్మాయ్?" అంది. పిన్ని వారం రోజులు మొహం ముడుచుకుంది. కానీ ఆ తర్వాత ఎప్పుడు వస్తున్నానని ఫోన్ చేసి వెళ్ళినా, తోడికోడలి వంటింట్లో సిలిండర్‌కి గౌను, పైపుకి తొడుగు ఉండేవి. అదీ కొత్తదాన్లా. నూనెమరక ఒక్కటి లేదు. 'నోటితో ఒప్పుకోదు గానీ, ఎంత భద్రంగా వాడుకుంటోందో!' అనుకుని లోపల్లోపల పొంగిపోయేది పిన్ని. ముప్పై మూడిళ్ళ పొగడ్తలు ఒక ఎత్తు, తోడికోడలి వంటింట్లో ఆ గౌను ఒక ఎత్తు.

ఇక టీచరమ్మ సంగతి. రిటైరై ఎనిమిదేళ్ళయింది, ఒక్కతే ఉంటుంది, పిన్నిని "కుచ్చులూ" అని పిలుస్తుంది. ఒకరోజు వీధిలో ఆపి, "నా వంటింట్లో ఏదో కుళ్ళు వాసన వస్తోందే కుచ్చులూ. ఎలుక చచ్చిందేమో" అంది. ఇద్దరూ కలిసి గట్టు కింద వెతికారు, డబ్బాల వెనక వెతికారు. ఎలుక లేదు. వాసన ఒకసారి వచ్చేది, ఒకసారి పోయేది. పిన్నికి ఒక ఉపాయం తట్టింది. ఎండిన నిమ్మతొక్కలు, లవంగాలు వేసి ఒక బుల్లి శాటిన్ సంచీ కుట్టి, చుట్టూ కుచ్చులు పెట్టి, స్టవ్వు వెనక పైపు తొడుక్కే వేలాడదీసింది. వాసన పోయింది. పోయిందనే అనుకున్నారు.

పన్నెండు రోజులు గడిచాయి. పొద్దున పదిన్నరకి వంటింటి కిటికీ కర్టెన్ కొలవడానికి పిన్ని వచ్చింది. సంచీ, అందులో కత్తెర, హాల్లో కుర్చీ మీద పెట్టింది. టేపు మెడలో వేసుకుని కిటికీ దగ్గర నిలబడింది.

"కొలతలకేం తొందర, ముందు టీ తాగు" అని టీచరమ్మ లైటర్ నొక్కింది.

స్టవ్వు వెలిగింది. దాంతోపాటు స్టవ్వు వెనక పైపు కూడా వెలిగింది.

పెద్ద పేలుడేం కాదు. గుడ్డ చింపినట్టు చిన్న చప్పుడు, స్టవ్వు వెనక జానెడు మంట. అది శాటిన్‌కి అంటుకుంది. శాటిన్ నూలుగుడ్డలా కాలదు. మైనంలా కరిగి చుక్కలు చుక్కలుగా కారుతుంది, కారిన చోటల్లా అంటిస్తుంది. టీచరమ్మ జగ్గుడు నీళ్ళు విసిరింది. బుస్సుమని ఆవిరి లేచింది. మంట మళ్ళీ అక్కడే ఉంది. ఇంకో జగ్గు. మళ్ళీ అంతే. కాలుతున్న గుడ్డని నీళ్ళు ఆర్పుతాయి గానీ, వెనక నుంచి తోసుకొస్తున్న గ్యాసుని ఏం చేస్తాయి?

"సిలిండర్ కట్టెయ్యండి!" అని అరిచి, అరుస్తూనే పిన్ని తనే గట్టు కిందకి వంగింది.

అక్కడ సిలిండర్ కనబడలేదు. గౌను కనబడింది.

ఆకుపచ్చ శాటిన్, మూడు వరసల కుచ్చులు, మెడ దగ్గర దారం. రెగ్యులేటర్ ఆ లోపల ఎక్కడో ఉంది. గుడ్డ మీంచి తడిమింది. ఏదో గట్టిగా తగులుతోంది గానీ కుచ్చుల మందానికి ఏది నాబో ఏది కాదో తెలియడం లేదు. ఎత్తి మడుద్దామంటే దిగువ గుడ్డ గోడకీ సిలిండర్‌కీ మధ్య ఇరుక్కుంది. ముడి విప్పుదామని గోరు పెట్టింది. లాగేకొద్దీ బిగుసుకుంది. తన ముడే. పైనుంచి కరిగిన చుక్క ఒకటి ఎడమచేతి మీద పడి అతుక్కుపోయింది.

"కత్తి!"

"ఏ కత్తే?"

"చేతికి అందింది ఇవ్వండి!"

కూరగాయలు తరిగే కత్తి వచ్చింది. దారం తెగింది, దారంతోపాటు రెండు వరసల కుచ్చులు తెగాయి, చూపుడువేలు కూడా కొంచెం తెగింది. గౌనుని మెడ దగ్గర్నుంచి కిందకి లాగేసి నాబ్ తిప్పింది.

తిప్పడం చిటికెలో పని. అక్కడికి చెయ్యి చేరడానికే అంతసేపు పట్టింది. నాబ్ తిరగగానే, నీళ్ళు చల్లిన పాలపొంగులా మంట కూర్చుండిపోయింది. మిగిలిన శాటిన్ ముక్కల మీద టీచరమ్మ తడిపిన దుప్పటి పడేసి అదిమింది. అయిపోయింది. గోడ మీద మూరెడు మసి, గట్టు మీద కరిగిన ఆకుపచ్చ ముద్ద.

టీచరమ్మ పిన్ని చేతిని కుళాయి కింద పెట్టించి కదలనివ్వలేదు. "పీక్కోకు, అతుక్కున్నది డాక్టరు చూసుకుంటాడు. నీళ్ళ కింద ఉంచు. ఇంకా. ఇంకా ఉంచు. చెప్పిన మాట విను" అని, మూడో తరగతి పిల్లకి చెప్పినట్టు చెబుతూ ఇరవై నిమిషాలు నిలబెట్టింది.

స్టవ్ మెకానిక్ మధ్యాహ్నం వచ్చాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. కాలగా మిగిలిన పైపు తొడుగుని చూసి, "పైపుకి చలేసిందా పిన్నిగారూ, దుప్పటి కప్పారు?" అన్నాడు.

"వేళాకోళం తర్వాత, ముందు చూడు" అంది టీచరమ్మ.

అతను బ్లేడుతో తొడుగుని నిలువునా చీరాడు. ఆ కుట్టు చీరడానికి అతనికే చెమట పట్టింది. పైపుని మధ్యలో వంచి చూపించాడు. రబ్బరంతా మడమ పగుళ్ళలా పగిలి ఉంది.

"దీన్ని రెండేళ్ళ కిందటే మార్చాలి."

"నాకెలా తెలుస్తుందయ్యా?"

"సంవత్సరం అచ్చేసి ఉందిగా."

"ఎక్కడ?"

"ఇదిగో" అని, తొడుగు కింద ఇన్నాళ్ళూ దాక్కున్న అంకెల్ని వేలితో తుడిచాడు. "మరి వాసన రాలేదా?"

"వచ్చింది" అంది టీచరమ్మ. "ఎలుకనుకున్నాం."

మెకానిక్ సగం కాలిన నిమ్మతొక్కల సంచీని చిటికెనవేలితో ఎత్తాడు. "ఇదేంటి?"

పిన్ని చెప్పింది. అతను ఈసారి నవ్వలేదు.

"గ్యాసుకి అసలు వాసనే ఉండదు పిన్నిగారూ. ఆ కుళ్ళుకంపు కావాలని కలుపుతారు. పాడు వాసనైతేనే కదా మనిషి లేచి చూసేది. దానికి మీరు అత్తరు పూశారు." తర్వాత టీచరమ్మ వైపు తిరిగి, "మంట ఆరాక గాలి కోసం ఫ్యాన్ గానీ వేశారా?"

"వెయ్యబోయాను. కరెంటు లేదు."

"లేకపోవడమే మంచిదైంది. ఎప్పుడైనా గ్యాసు వాసనొస్తే స్విచ్చుల జోలికి పోకండి, వెయ్యొద్దు, ఆర్పొద్దు. అందులో పుట్టే నిప్పురవ్వ చాలు. సిలిండర్ కట్టేసి, కిటికీలు తీసి, బయటికి వచ్చి నాకు ఫోన్ చెయ్యండి."

ఇంతవరకూ జరిగింది ప్రమాదం. అసలు చిక్కు సాయంత్రం నుంచి మొదలైంది.

టీచరమ్మ వీధి వీధంతా చెప్పింది. పైపు పాతదైపోయి అంటుకుందని, కుచ్చుల పిన్ని గనక లేకపోతే ఇల్లూ ఉండేది కాదు, తనూ ఉండేది కాదని. నిమ్మతొక్కల సంగతి చెప్పలేదు, ముడి సంగతీ చెప్పలేదు. కావాలని దాచలేదు. ఆవిడ దృష్టిలో అవి పెద్ద విషయాలే కావు. మర్నాటికి పిన్ని వీరవనిత అయిపోయింది. కట్టు కట్టిన చేతిని చూడడానికి జనం వచ్చారు. వచ్చినవాళ్ళలో ఇద్దరు, "మా వంటింటికీ ఒక గౌను కుట్టు పిన్నీ" అని పైపు కొలతలు చెప్పి వెళ్ళారు.

ఆ రెండు కొలతలూ పుస్తకంలో రాసుకుని, పిన్ని మిషను ముందు కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. తొక్కలేదు.

"ఏమోయ్, చెయ్యి నొప్పా?" అన్నాడు మొగుడు, కంటికి భూతద్దం తగిలించుకునే.

"చెయ్యి కాదు. ముప్పై నాలుగు పైపులండీ. ఒకటి చూశాం. మిగతావి ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. తెలియకుండా కుట్టేసింది నేను."

ఆయన భూతద్దం తీశాడు. "నిన్నెవరైనా వేలెత్తి చూపించారా? లేదు. పైపు పాతదన్నారు. సరిపోయింది. నెత్తిన పూలు పోస్తుంటే, ఆగండి ఆగండి, బూడిద పొయ్యండి అనేదాన్ని నిన్నే చూస్తున్నా."

"మీరు బాగుచేసిన గడియారం తప్పు టైము చూపిస్తే?"

"పట్టుకొస్తారు. మళ్ళీ బాగుచేస్తా."

"పైపు నడిచి రాదు కదండీ."

ఆయన మళ్ళీ భూతద్దం పెట్టుకున్నాడు. తలెత్తకుండానే, "పెద్ద కత్తెర పదును పోయింది, ఇలా పడెయ్, సానబట్టిస్తా" అన్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన ఓడిపోయానని ఒప్పుకునే పద్ధతి అదే.

మర్నాడు మొదటి గడప అద్దాల కొట్టావిడది. అందరికన్నా ముందు తొడిగించుకుంది ఆవిడే కాబట్టి. పిన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. టీచరమ్మ ఇంట్లో పైపు పగుళ్ళు కనబడకపోవడానికి కారణం తన తొడుగు, వాసన తెలియకపోవడానికి కారణం తన సంచీ, మంట త్వరగా ఆరకపోవడానికి కారణం తన ముడి.

అద్దాల కొట్టావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బాగుందమ్మా. తొడుక్కోండి తొడుక్కోండి అని అంటగట్టిందీ నువ్వే, తప్పని చెప్పేదీ నువ్వే. ఇదే మాట ఇంకొకరు అని ఉంటే నువ్వు ఊరుకునేదానివా?"

"ఊరుకునేదాన్ని కాదు."

"నిన్నంతా నిన్ను పొగిడి పొగిడి నా నోరు నొప్పెడుతోంది. ఇవాళ తిట్టే ఓపిక లేదు. కోసుకుపో!"

కోసింది. పైపు బాగానే ఉంది, ఇంకో ఏడాది గడువుంది. "చూశావా, అనవసరంగా పాడుచేశావు" అంది ఆవిడ. పిన్ని గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని పక్కింటికి నడిచింది.

అలా రోజుకి మూడు నాలుగు ఇళ్ళు. కొందరు జాలిపడ్డారు, అది తిట్టుకన్నా కష్టంగా ఉండేది. కొందరు గుమ్మంలోంచే, "మేమే తీసుకుంటాంలే" అని తలుపేశారు; వాళ్ళ ఇళ్ళకి పిన్ని రెండోసారి వెళ్ళింది, మూడోసారీ వెళ్ళింది. కుట్టమని అడిగిన ఇద్దరూ తమ పని వేరే చోట ఇచ్చుకుంటామన్నారు, దిండు గలీబులతో సహా. ఊరికే కోసేసి రావడం బాగుండదని, మెకానిక్ దగ్గర నేర్చుకున్నవి నాలుగు ముక్కలు ప్రతి ఇంట్లో చెప్పేది. బయటికి పోయేటప్పుడు, పడుకునేటప్పుడు సిలిండర్ దగ్గర కట్టెయ్యమని. సబ్బునురగ రాసి బుడగలొస్తాయేమో చూడాలి గానీ అగ్గిపుల్ల గీసి చూడొద్దని. స్టవ్వు పక్క కిటికీకి కర్టెన్ వద్దని, అదీ తను కుట్టిందైనా సరే. "మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకండి, మంట మీదికి ఎగుస్తుంది. స్టవ్వు కట్టేసి మూత పెట్టెయ్యండి. పెట్టిన మూత చల్లారేదాకా తియ్యకండి." అయిదో రోజుకి వీధిలో పిల్లలు ఆవిడ్ని చూడగానే, "మూత పెట్టెయ్యండి, మూత తియ్యకండి!" అని పాటలా అందుకోవడం మొదలుపెట్టారు. పాడుకోనీ అనుకుంది. పాటైనా గుర్తుంటుంది.

ఆరో రోజు బస్సు డ్రైవర్ ఇల్లు. భార్య ఒప్పుకోలేదు. "ఆదివారం చుట్టాలొస్తున్నారు పిన్నీ. వాళ్ళు వెళ్ళాక తీద్దువుగాని. కొత్త సిలిండర్ అంతా బోసిగా కనబడుతుంది."

"చుట్టాలుండగా అంటుకుంటే?"

"అబ్బ, నీ నోట్లోంచి మంచిమాట రాదా?"

డ్యూటీకి బయలుదేరుతున్న డ్రైవర్ చెప్పులు విడిచి వెనక్కి వచ్చాడు. "చూడనీవే, రెండు నిమిషాల పని." పిన్ని కోసింది. పైపు మీద సంవత్సరం ఎప్పుడో దాటిపోయింది. గిన్నెలో సబ్బునురగ చేసి వేలితో పైపంతా రాసింది. స్టవ్వు దగ్గర వంపులో చీమ తలంత బుడగ ఒకటి లేచింది. పగిలింది. మళ్ళీ లేచింది.

డ్రైవర్ ఆ బుడగని చూశాడు. సిలిండర్ కట్టేసి, కిటికీలు తీసి, ఉయ్యాల్లో పిల్లని ఎత్తుకుని వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. బస్సు ఆరోజు ఎవరు నడిపారో తెలియదు. భార్య మాత్రం పిన్ని సంచీ తనే మోసుకొచ్చి గేటు దాకా దిగబెట్టింది.

తొమ్మిదో రోజుకి ముప్పై మూడిళ్ళయ్యాయి. తొమ్మిది పైపులు గడువు దాటినవి, ఇంకో రెండు పగిలినవి. మిగిలింది ఒక్కటే ఇల్లు. నిజానికి అది మొదటిరోజే వెళ్ళగలిగిన దూరంలో ఉంది. ముప్పై మూడుమంది ముందు తప్పు ఒప్పుకోవచ్చు. తోడికోడలి ముందు ఒప్పుకోవడానికి వేరే గుండె కావాలి. ఫోన్ చేస్తే ధైర్యం చాలదని, చెయ్యకుండానే బయలుదేరింది.

తోడికోడలు గుమ్మంలో కూర్చుని తోటకూర గిల్లుతోంది. పిన్ని చేతిలో కత్తెర చూసి, "ఏంటమ్మాయ్, నా జుట్టు కత్తిరిస్తావా ఏంటి?" అంది. అంటూనే ఎందుకో గబుక్కున లేచింది. "ఉండు, నేను లోపల చిన్న పని చూసుకుని వస్తా, నువ్విక్కడే కూర్చో."

"కూర్చోను గానీ, మాట వినక్కా. నీ సిలిండర్ గౌను తీసెయ్యాలి."

"ఎందుకూ?"

ముప్పై మూడిళ్ళలో గడగడా చెప్పిన మాటల్లో ఇక్కడ ఒక్కటే బయటికొచ్చింది. "నేను కుట్టింది తప్పక్కా. అంతే."

తోడికోడలు లోపలికి పోబోతున్నదల్లా ఆగింది. పిన్ని మొహం చూసింది, కట్టు కట్టిన చెయ్యి చూసింది. నిట్టూర్చి పక్కకి తప్పుకుంది. "అయితే లోపలికి రా. ఇంక దాచడానికేముంది?"

వంటింట్లో సిలిండర్ పుట్టినప్పుడెలా ఉందో అలా ఉంది. రెగ్యులేటర్ గుమ్మంలోంచే కనబడుతోంది. పైపు మొన్నమొన్న మార్చినట్టు మెరుస్తోంది. స్టవ్వు చుట్టూ మూరెడు దూరంలో గుడ్డముక్క లేదు. గోడకి మేకు, మేకుకి పెద్ద మూత వేలాడుతోంది.

"గౌనేదక్కా?"

తోడికోడలు తలుపు వెనక కొక్కేనికి ఉన్న కవరు తీసి ఇచ్చింది. అందులో గౌను, పైపు తొడుగు ఇస్త్రీ మడతల్లో ఉన్నాయి.

"నువ్వు తెచ్చిచ్చిన రెండో రోజే తీసేశా. ఇవాళ ఫోన్ చెయ్యకుండా వచ్చావు కాబట్టి దొరికిపోయాను."

పిన్నికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "అంటే... నేను ఫోన్ చేసినప్పుడల్లా తొడిగేదానివా?"

"తొడిగి, నువ్వు వెళ్ళాక తీసేదాన్ని. నీ ముడి తియ్యలేక మొదటిసారే చచ్చాను. కోసేసి ప్రెస్ బటన్లు కుట్టుకున్నా."

"రెండేళ్ళు! ఒక్క మాట చెప్పొచ్చు కదక్కా!"

"చెప్పాను. పొయ్యి దగ్గర పట్టుపరుపులేంటి అన్నానా లేదా? వారం రోజులు నీ మొహం చూడలేకపోయాం. మీ బావగారు నన్ను తిట్టారు. ఏడేళ్ళు కాలర్లు కుట్టిన పిల్ల, ఏదో సరదాపడి కుట్టుకుంటోంది, నీకెందుకని. సరే, నా వంటిల్లు నేను చూసుకుంటే చాలనుకుని నోరు మూసుకున్నా."

"నీ వంటిల్లు సరే. మిగతా ముప్పై మూడో?"

తోడికోడలు చేతిలో ఇంకా ఉన్న తోటకూర కాడని గిల్లడం మొదలుపెట్టింది, గిల్లిందాన్నే మళ్ళీ గిల్లింది. "అది నా తప్పే" అంది. "పొయ్యిల ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డదాన్ని. నీకు తెలియదు. నాకు తెలుసు. నువ్వు అలుగుతావని ఊరుకున్నా."

పిన్ని గౌనుని తిప్పి చూసింది. మెడ దగ్గర కుట్టు తనది కాదు. బటన్ ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, దారం రంగు కలవలేదు, కుట్టు తాగినవాడి నడకలా ఉంది. కార్ఖానాలో అయితే ఇలాంటిదాన్ని బ్లేడుతో విప్పి మొహాన కొట్టేవాళ్ళు.

"ఇంత వంకర కుట్టు నా జన్మలో చూళ్ళేదక్కా."

"నేనేమన్నా కాలర్లు కుట్టానా? పైగా కళ్ళజోడు లేకుండా కుట్టా. వంకలు పెట్టడం అయిందా, అన్నం తిని పో."

తిని వెళ్ళింది. తినేముందు తోడికోడలు సిలిండర్ ఎలా కట్టేస్తుందో, చేతిగుడ్డ ఎక్కడ పెడుతుందో, మూత ఎందుకు మేకుకే ఉంటుందో అన్నీ అడిగి, కొలతల పుస్తకంలో వెనక పేజీలో రాసుకుంది.

ముప్పై మూడు గౌన్ల శాటిన్‌తో పిన్ని తర్వాత కాళ్ళు తుడుచుకునే పట్టాలు కుట్టింది, వీధిగుమ్మం దగ్గర వేసుకోవడానికి. వంటింటి గుమ్మం దగ్గర వెయ్యమంటే ఇవ్వదు. పని మునుపటంత రావడానికి ఏడాది పట్టింది. కుచ్చులు మానలేదు, గలీబులకి, గౌన్లకి, హాలు కర్టెన్లకి ఊరికే పెడుతూనే ఉంది.

ముప్పై నాలుగో గౌనుని మాత్రం కొయ్యలేదు. అది ఇప్పుడు ఆవిడ కుట్టుమిషను మీద ఉంటుంది, దుమ్ము పడకుండా. ఆ వంకర బటన్లు విప్పి తిన్నగా కుట్టడం ఆవిడకి అయిదు నిమిషాల పని. కుట్టలేదు. పొద్దున మిషను ముందు కూర్చోగానే టకటకా లాగితే గౌను ఊడి చేతిలోకి వస్తుంది. ఊడిరావడం కూడా ఒక పనితనమే అని ఆవిడకి యాభై రెండేళ్ళకి తెలిసింది.